నూకాలు కుండకి మేం వేసిన బంతి

ఆదివారం

లోయ గుమ్మటం మూసేశారు. అక్కడ తవ్వుకునే మంచు అడుగంటి నీళ్ళు రావడం మానేశాయి. ఆ ఊరివాళ్ళను కుజుడి మీది మిగతా గుమ్మటాలకు పంచితే, మా మూడో గుమ్మటానికి ఒక వీధికి సరిపడా జనం వచ్చారు. పూజ ముగించుకుని, వచ్చేవాళ్ళకు టీ పోయడానికి నేనూ ద్వారం దగ్గరికి వెళ్ళాను.

ద్వారం అధికారి ధర్మారావుగారు ఒక్కొక్కరి సామాను చూసి పంపుతున్నారు. వరసలో ఒకావిడ తడిగుడ్డ చుట్టిన కుండ గుండెలకు హత్తుకుని నిలబడింది. పేరు నూకాలట. నలభై ఉంటాయేమో.

"ఇందులో ఏముందమ్మా?"

"పెరుగండి."

ధర్మారావుగారి చేతిలో కలం ఆగిపోయింది. నా వెనక ఎవరో "పెరుగంట" అన్నారు. నేను ఇంకో గ్లాసు నింపేలోపు ఆ మాట గుమ్మటం అవతలి గోడదాకా వెళ్ళిపోయింది. మా తోడు వైరస్ పట్టి చచ్చిపోయిన దగ్గర్నుంచి ఇక్కడ పాలు విరుగుతున్నాయే గానీ తోడుకోవడం లేదు. మజ్జిగ లేక, పెరుగన్నం లేక పిల్లలూ పెద్దలూ చిరాకుపడుతున్నారు. పొడి కలుపుకుని తాగే నీళ్ళకు మజ్జిగ అని పేరు పెట్టుకున్నాం.

"బతికున్నది ఏది లోపలికి రావాలన్నా పరీక్ష చేయాలమ్మా," అన్నారు ధర్మారావుగారు. "అంతవరకు సీలు వేసి చల్లటి గదిలో ఉంచుతాం. మంచిదని తేలితే నీది నీకిస్తాం."

"మంచిది కాదంటేనో?"

"శుక్రవారం కొలిమిలో వేసేస్తారు."

ఆవిడ కుండ ఇవ్వలేదు. నేను టీ గ్లాసు అందిస్తే, అందుకోవడానికి చెయ్యి ఖాళీ లేక నా ముఖంలోకి చూసింది.

"ఇది మాయత్త సేతి తోడమ్మా. ఇల్లు ఒదిలేసినాం. సెట్లు ఒదిలేసినాం. అక్కణ్ణుంచి పేనంతో వచ్చింది మేమూ ఇదీనే."

పరీక్ష చేసేవాళ్ళలో నేనూ ఒకదాన్నని అప్పుడు చెప్పాలనిపించలేదు. కుండ తీసుకుని, ఆవిడ టీ తాగేవరకు పట్టుకుని నిలబడ్డాను.

సోమవారం

మా పనిని పోలిక పని అంటారు. మేం మాత్రం, భోజనాలకు వరసగా కూర్చోబెట్టినట్టే ఉంటుందని, బంతి వేయడం అంటాం. జీవికి జీవికి ఉన్న చుట్టరికం చూడాలంటే వాటి జన్యువుల్లోని అక్షరాలను వరసల్లో ఒకదాని కింద ఒకటి కూర్చోబెట్టాలి. అక్షరాలు నాలుగే రకాలు. మా పలక మీది గుంటల్లో అవి పసుపు, ఎరుపు, తెలుపు, నీలం బొత్తాలు. తరాలు గడిచేకొద్దీ కొన్ని అక్షరాలు రాలిపోతుంటాయి. రాలినచోట గుంట ఖాళీగా వదలాలి. అప్పుడే మిగతావి తమవాళ్ళకు ఎదురుగా కూర్చుంటాయి. ఖాళీ ఎక్కడ వదలాలన్నదే పనంతా. ఒక్క గుంట తప్పితే చుట్టాలు కానివాళ్ళు చుట్టాల్లా కనిపిస్తారు.

మిషన్ ఈ పని కన్నుమూసి తెరిచేలోగా చేస్తుంది. అయితే దానికి అన్నీ తెలుసన్న ధీమా ఎక్కువ. అందుకని ప్రాణం మీదికి వచ్చే విషయాల్లో ముగ్గురు మనుషులు కూడా, ఒకరి పలక ఒకరు చూడకుండా, బంతి వేయాలని నియమం పెట్టారు. ముగ్గురికీ కుదిరిన నిలువు వరసలనే నమ్ముతారు. మూడో గుమ్మటంలో ఆ ముగ్గురం నేను, జాన్‌బీ, ఎస్తేరు.

పై వరసలో చేటు జాతిని పెట్టారు. కిందటి తరంలో పసిపిల్లలను ఆసుపత్రి పాలు చేసిన పెరుగు అదే. దాని కింద మంచి జాతులు రెండు. అడుగున నూకాలు కుండలోది. సాయంత్రానికి ముగ్గురం పలకలు తెచ్చి పోలిక గది బల్ల మీద పెట్టాం. ఒక్క గుంట తేడా లేదు. మిషన్ వేసిందీ అదే. ఇన్నేళ్ళలో ఇంత ముచ్చటగా ఎప్పుడూ కుదరలేదు. కానీ మొదటి గుంటల్లో కొత్తదాని బొత్తాలు సరిగ్గా చేటుదాని బొత్తాల కిందే, అవే రంగుల్లో కూర్చున్నాయి.

నూకాలు కుండ మంచిది కాదన్నమాట. పలక మీద గుడ్డ కప్పి ఇంటికి వచ్చాను. అన్నం సయించలేదు.

మంగళవారం

పోలిక గదికి పెద్ద డాక్టర్ మేదిని. చిన్నపిల్లే, ముప్పై ఉంటాయి. పొద్దున్నే ముగ్గురినీ కూర్చోబెట్టింది.

"ఇవాళ తోక నుంచి వేయండి పిన్నిగారూ. కుడి చివర మొదలుపెట్టి ఎడమకు రండి. నిజంగా చుట్టాలైతే ఎటు నుంచి వచ్చినా అక్కడే కూర్చుంటారు. గట్టిగా లేనిచోట మాత్రం బంతి కదిలిపోతుంది. ఏది నమ్మాలో అప్పుడు తెలుస్తుంది."

మంగళవారం కొత్త పని మొదలుపెట్టడమా అని నేను కాస్త నసిగాను.

"కుజుడి మీద కాపురం పెట్టి మంగళవారం అంటావేమిటక్కా," అంది జాన్‌బీ. "ఆ లెక్కన మనందరికీ దోషమే. పెళ్ళిళ్ళు ఆగాయా?"

తోక నుంచి వేశాను. హాయిగా సాగింది. చివరికి వచ్చేసరికి అడుగు వరస బొత్తాలు అయిపోయి, ఎడమ పక్క కాస్త చోటు మిగిలింది. వాటిని చేత్తో మెల్లగా ముందుకు జరిపి బంతి సర్దాను. మిగతా ఇద్దరి పలకలూ తెచ్చి చూస్తే ఈసారీ ముగ్గురిదీ ఒకటే. నిన్నటిదీ ఇవాళ్టిదీ ఒకటే.

ఏడుస్తూనైనా సరే, ఒప్పుకోవలసిందే అనుకున్నాను. మేదిని మాత్రం బల్ల చుట్టూ తిరుగుతూనే ఉంది.

"ఎక్కడో ఒకచోట తేడా రావాలి. మనుషులు వేసిన బంతి ఇలా ఉండదు. ఇంత కుదిరితే నాకు నమ్మబుద్ధి కావట్లేదు."

"కుదరకపోతే తిడతావు, కుదిరితే అనుమానిస్తావు," అంది ఎస్తేరు. "నీ పెళ్ళిచూపుల్లో కూడా ఇదే గోల."

మేదినికి నవ్వు వచ్చింది గానీ తిరగడం ఆపలేదు. ముగ్గురూ ఒక్కమాట అన్నప్పుడు సీలు తీసి మళ్ళీ పరీక్షించడానికి నియమం ఒప్పుకోదట. శుక్రవారం కొలిమి వెలిగించడం తప్ప ఇంక దారి లేదు.

బుధవారం

కొత్తగా వచ్చినవాళ్ళకు ఇవాళ ఊరి భోజనం. వంటశాలలో వడ్డన కూడా ఎన్నో ఏళ్ళుగా మా ముగ్గురిదే. ముద్దపప్పు, గోంగూర, బీరకాయ కూర, చారు. పెరుగు మాట ఎవరూ ఎత్తలేదు.

లోయ వాళ్ళు ఒక బంతిగా కూర్చున్నారు. పప్పు పట్టుకుని వెళ్ళేసరికి మొదటి విస్తరి ముందు ఎవరూ లేరు. నీళ్ళు చల్లి, గ్లాసు పెట్టి, ఖాళీగా వదిలేశారు. రెండోదాని ముందు నూకాలు కూర్చుంది.

నా వెనక కూర గిన్నెతో వస్తున్న ఎస్తేరు ఊరుకుంటుందా? "అదేమిటమ్మా, వచ్చీరాగానే మొదటి విస్తరి ఖాళీ పెట్టి కూర్చున్నారు? ముందుకు జరగండి, ముందుకు జరగండి."

"మా ఊర్ల మంచు తవ్వినోళ్ళు ఆకర్న వస్తారమ్మా," అంది నూకాలు. "బంతి సగమైపోయినాక. ఆళ్ళు సోటు కోసం ఎతుక్కోకుండా మొదటిది ఆళ్ళకి ఒదిలేస్తాం."

"మా ఇళ్ళల్లో అలా వదిలితే ఇంటిపెద్దకు మంచిది కాదంటారు," అంది జాన్‌బీ.

"మా ఇళ్ళల్లోనూ అంతే," అంది ఎస్తేరు. "మా పాస్టరుగారి భార్య అయితే అసలు వడ్డించనివ్వదు."

"మరి ఒదలకుండా తింటన్నారు కదా, మీ ఇంటిపెద్దలు ఒక్కరూ పోనేదేటి?"

బంతి బంతంతా నవ్వింది. ఎస్తేరు కూడా నవ్వింది. నేను మాత్రం గరిటె ఎత్తి అలాగే నిలబడిపోయాను. పప్పు కారి నా పాదం మీద పడింది. కాలిందని కూడా తెలియలేదు.

మొదటి విస్తరి ఖాళీగా కనిపిస్తే ముందుకు జరపడం నా చేతికి అలవాటు. నిన్న తోక నుంచి వచ్చినప్పుడు ఎడమ పక్క చోటు మిగిలితే ఆ చెయ్యే బొత్తాలను ముందుకు జరిపింది. ఖాళీని పట్టుకెళ్ళి మధ్యలో ఎక్కడో దూర్చింది.

గిన్నె దింపి జాన్‌బీని స్తంభం చాటుకు లాగాను. "బంతి వేసేటప్పుడు ఎప్పుడైనా మొదటి గుంట ఖాళీ వదిలావా?"

ఆలోచించింది. "లేదక్కా. అలా ఎలా వదులుతాం?"

ఎస్తేరును అడిగితే, "మొదటి గుంటా? ఛ," అంది. అని, తన మాట తనే విని, చేతిలో గిన్నె కింద పెట్టేసింది.

మిగతా వడ్డన లోయ వాళ్ళకే అప్పగించి, గోంగూర చేతులతో ముగ్గురం మేదిని దగ్గరికి పరుగెత్తాం.

గురువారం

మేదిని నిన్న మా మాట విని మొదట నవ్వింది, తర్వాత మా పలకలన్నీ మళ్ళీ ముందేసుకుంది. "మిషన్‌కి నేర్పింది కూడా మీ పలకలు చూపించే కదా," అంది. "నేనేమో ముగ్గురు సాక్షులూ ఒక మిషనూ, నాలుగు మాటలు కలిశాయనుకుంటున్నాను. ఒకే అలవాటు నాలుగు చోట్ల కూర్చుని నాకు సాక్ష్యం చెప్పింది. ఇన్నేళ్ళుగా మీ పలకలు చూస్తున్నాను, నాకూ తోచలేదు. మా నాయనమ్మ కూడా ముందుకు జరగండర్రా అనేది."

ఇవాళ మళ్ళీ వేశాం. మొదటి గుంట వదలాలనిపిస్తే వదలవచ్చు అంది, వదిలి తీరాలని అనలేదు. వదలడం ఎంత కష్టమో చెప్పలేను. రామ రామ అనుకుంటూ ఒకటి వదిలాను, తర్వాత ఇంకొకటి. నాలుగు వదిలేసరికి అడుగు వరసలో రంగులు మంచి జాతుల కింద కుదురుగా కూర్చున్నాయి.

పలకలు బల్ల మీదికి వచ్చాయి. మొదట్లో నావి నాలుగు ఖాళీలు. జాన్‌బీవి మూడు. ఎస్తేరు మొదట రెండు వదిలి, మిగతావి ఒకటి రెండు బొత్తాల తర్వాత పెట్టింది.

"నీదే తప్పు," అంది ఎస్తేరు నాతో.

"నాదానికంటే నీదే ఎక్కువ వంకరగా ఉంది ఎస్తేరూ," అంది జాన్‌బీ.

మేమిలా వాదించుకుంటుంటే మేదిని ముఖం వెలిగిపోతోంది. ఎర్రదారం తెచ్చి, మాకు కుదరని నిలువు వరసల చుట్టూ కట్టింది. అన్నీ ఎడమ పక్కనే ఉన్నాయి. అక్కణ్ణుంచి కుడి చివరిదాకా మా ముగ్గురివీ ఒకటే.

"ఇప్పుడు నాకు ప్రాణం లేచొచ్చింది," అంది. "ఈ దారం బయట ఉన్నదంతా నమ్మొచ్చు. లోపల ఉన్నది మనకు తెలియదు. ఆ కుండ చేటుదని మనం చెప్పిందంతా ఈ దారం లోపలే ఉంది."

"అయితే మంచిదేనా?" అన్నాను ఆశగా.

"అదీ తెలియదు పిన్నిగారూ. చేటుదని తెలియదు, మంచిదనీ తెలియదు. కొత్త వరసలో మొదటి అక్షరాలు నిజంగా లేవా, లేక అక్షరాలు చదివిచ్చే యంత్రం ఆలస్యంగా చదవడం మొదలుపెట్టిందా అన్నది చూడాలి. దానికి కుండ సీలు తీయాలి."

ధర్మారావుగారి దగ్గరికి నేనే వెళ్ళాను. కాగితాన్ని రెండుసార్లు చదివారు.

"తెలియదు అని రాశారేమిటి శేషమ్మగారూ? మంచిదని రాసినవి తీసుకున్నాను, చెడ్డదని రాసినవి తీసుకున్నాను. తెలియదని సంతకం పెట్టిన కాగితం నా సర్వీసులో చూడలేదు."

"ముగ్గురిదీ ఒక్కమాటైతేనే కదండీ కొలిమి. మాకు మాట కలవలేదు."

"మీ ముగ్గురికీనా? వంటశాలలో ఉప్పు దగ్గర కూడా మీకు మాట కలుస్తుందే."

"ఈసారి కలవలేదండీ."

"మరి నన్నేం చేయమంటారు?"

"సీలు తీసి ఒక్క చెంచా ఇప్పించండి."

ఆయన చుట్టూ చూసి గొంతు తగ్గించారు. "చెంచానేనా?"

"తినడానికి కాదండీ, చదవడానికి."

నిట్టూర్చి సంతకం పెట్టారు. కొలిమి ఆదివారానికి వాయిదా పడింది.

శుక్రవారం

సీలు తీసేటప్పుడు నూకాలును రమ్మన్నారు. ముట్టుకోకూడదన్నారు. చేతులు వెనక్కి కట్టుకుని కుండ మీదికి వంగి వాసన చూసింది.

"పులిసింది గానీ బతికే ఉన్నాది," అంది. తర్వాత మేదిని వైపు తిరిగి, "అంచున తీకమ్మా, మద్దిన తీస్తే నీరు తేల్తాది," అంది. మేదిని బుద్ధిగా అంచున తీసింది.

బయటికి వచ్చాక నూకాలు నాతో పాటు మా ఇంటిదాకా నడిచింది. బంతి వేసింది మేమేనని చెప్పాను. మొదట చేటుదని అన్నామని కూడా చెప్పాను.

"రేపు కూడా అలగే వస్తే?"

"వస్తే అదే చెప్తాను నూకాలూ. నీ ముఖం చూసి వేరేలా చెప్పను."

తల ఊపింది. "సెప్పు మరి. రేపు పిల్లలు తింటే జబ్బు సేస్తే నాను మాత్రం బాగుంటానేటి?"

సాయంత్రం దీపం పెట్టి కూర్చున్నాను. కుండ మంచిదని తేలాలని అడగబోయి ఆగాను. ఆ కోరికతో చూస్తే నా చెయ్యి మళ్ళీ ఎటో జరుపుతుంది. ఉన్నది ఉన్నట్టు కనిపించేలా చూడు స్వామీ, అని మాత్రం అడిగాను. ఆశ్చర్యం, అలా అడిగాక మనసు తేలికపడింది. ఆకలి కూడా వేసింది.

శనివారం

యంత్రం ఆలస్యంగానే చదివిందట. ఈసారి మరింత ముందు నుంచి చదివించారు. రాలిపోయాయనుకున్న అక్షరాలు రాలిపోలేదు, ఉన్నాయి. మేదిని ఆ బొత్తాలు అరచేతిలో తెచ్చి బల్ల మీద పోసింది. అయిదు.

మళ్ళీ ముగ్గురం విడివిడిగా కూర్చున్నాం. తల నుంచి ఒకసారి, తోక నుంచి ఒకసారి. మధ్యలో పలకను అటు తిప్పి ఇటు తిప్పి, మొదటి వరసను మూడోదిగా, మూడోదాన్ని మొదటిదిగా మార్చి ఇంకోసారి. మిషన్‌ను మేదిని ఈసారి బంతిలోకి పిలవలేదు. దానికి మళ్ళీ మొదట్నుంచి నేర్పాలట.

అయిదూ మొదట్లో కూర్చున్నాయి. ఒక్కొక్కటీ మంచి జాతుల రంగుతోనే కలిసింది, చేటుదానితో ఎక్కడా కలవలేదు. నేను వదిలినవి నాలుగు, జాన్‌బీ మూడు, ఎస్తేరు రెండు. ముగ్గురిదీ తప్పే. ఈ మాట మేదిని చెప్పగానే ఎస్తేరు నన్ను వాటేసుకుంది. "నీదీ తప్పేనా వదినా. హమ్మయ్య."

మధ్యలో ఒక నిలువు వరస మాత్రం తల నుంచి వస్తే ఒకలా, తోక నుంచి వస్తే ఒకలా కూర్చుంది. దాన్ని ఏం చేయాలి అని నేనడిగితే, "ఏమీ చేయకండి, దారం కట్టి వదిలేయండి," అంది మేదిని. "పెరుగు మంచిచెడ్డలకు దానితో పని లేదు. తెలియనిది తెలియదనే రాద్దాం."

కాగితం అలాగే వెళ్ళింది. పైన మంచిదని, అడుగున ఒక వరస తెలియదని. ధర్మారావుగారు చదివి, "తెలియదనడం ఇది రెండోసారి," అన్నారు. అని కుండ ఆయనే మోసుకుని లోయ వాళ్ళ వీధికి బయల్దేరారు. దారిలో ఎవరికీ ఏమీ చెప్పలేదట. చెప్పే అవసరం లేకపోయింది. ఆయన వెనక జనం బారు కట్టారు.

సోమవారం

మేకల పాలు నిన్న సాయంత్రమే వంటశాలకు చేరాయి. నూకాలు మమ్మల్ని ఎవరినీ గిన్నె ముట్టుకోనివ్వలేదు.

"ఇంత ఏడి మీద తోడేస్తారా? సంపేత్తారా దాన్ని?"

"మేం వేసేది అలాగే," అంది ఎస్తేరు.

"అందుకే మీది సచ్చిపోయింది."

"మాది వైరస్ వచ్చి పోయిందమ్మా."

"వొస్తాది మరి. సచ్చేలా సూస్తే వైరస్ కూడా వొస్తాది."

పొద్దున్న మూత తీసింది. గిన్నె పక్కకు వంచింది. కదల్లేదు. గడ్డపెరుగు, పైన మీగడ చిన్నగా ముడత పడి ఉంది. జాన్‌బీ బిస్మిల్లా అంది, నేను రామా అన్నాను, ఎస్తేరు కళ్ళు మూసుకుంది. నూకాలు చెంచాతో తీసి ముందు తను తింది. మేమంతా ఆమె నోటి వంకే చూస్తున్నాం.

"పుల్లన తక్కువైంది," అంది. "మీ మేకలు పులుపు తిన్లేదు కాబోలు."

మధ్యాహ్నానికి వరస ద్వారం దాటింది. ఎవరి గిన్నె వాళ్ళు తెచ్చుకున్నారు. ధర్మారావుగారు తెచ్చింది గిన్నె కాదు, బిందె. నూకాలు అందులోకి తొంగిచూసి, అడుగున ఒక్క చెంచా వేసింది.

"ఇంతేనా అమ్మా? కొలిమి ఆపింది నేను."

"ఎయ్యమన్నోడివీ నువ్వే కదా బాబూ. తోడుకిది సాలు. పాలు నువ్వు పోసుకో."

ఆయన బిందె పట్టుకుని ఆ ఒక్క చెంచా ఒలికిపోకుండా నడిచిన తీరు చూడాలి.

రాత్రి స్వామికి పెరుగన్నం నైవేద్యం పెట్టాను. నాకు తెలిసి ఈ మధ్య కాలంలో ఆయన కూడా ఇంత నిదానంగా భోంచేసి ఉండడు.

కొన్ని వారాల తర్వాత, గురువారం

రాయడం మానేశాను, బంతి పని ఎక్కువైంది. మేదిని పాత పలకలన్నీ బయటికి తీయించింది. మొదటి గుంట ముందుకు జరిపినవి ఎన్ని ఉన్నాయో చూసి మళ్ళీ వేయాలి. ముగ్గురం రోజూ పోట్లాడుకుంటున్నాం. ఎర్రదారం చుట్టలు చుట్టలుగా ఖర్చవుతోంది. మిషన్ కూడా మొన్న మొదటిసారి ఒక వరస దగ్గర తెలియదు అంది. ఎస్తేరు దానికి దిష్టి తీసింది.

ఇవాళ తీరిక చూసుకుని నూకాలు ఇంటికి వెళ్ళాను. వాకిట్లో దీపం కింద ఆ కుండ బోర్లించి ఉంది. కడిగి, తోమి, నల్లటి మరకలు కూడా పోయేలా రుద్ది ఆరబెట్టింది.

"ఖాళీ చేసేశావా? అందులో అత్తగారి తోడు?"

"ఒంపేసినాను," అంది, బీరకాయ చెక్కు తీస్తూ. "ఆ ఇంట ఉన్నాది, ఈ ఇంట ఉన్నాది. జాన్‌బీ ఇంట ఉన్నాది. ఆ బిందె బాబు ఇంట మాయింట కంటే బాగా తోడుకుంటన్నాదంట. అన్నాళ్ళూ ఇది పగిలిపోద్దేమోనని నిద్దర్లో కూడా ఒక సెయ్యి దీని మీదే ఏసుకుని పడుకునేదాన్ని."

చేతులు తుడుచుకుని కుండ తిరగేసి లోపల ఆరిందో లేదో చూసింది.

"ఇందల పచ్చడి పెడదారనుకుంటన్నాను. నీ దగ్గర ఆవాలున్నాయేటి?"